తొమ్మిది రోజులు ఆడాలంటే మోకాళ్ళను ఇప్పట్నుంచే తయారు చేసుకోవాలె

(హనుమకొండలో ఒక కాలనీ మహిళల మీటింగ్‌ల ఫిజియోథెరపిస్ట్ మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసినవి)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ అక్కలు జర ముందుకు రాండి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయ్, కింద మాత్రం కూర్చోకండి. పెత్రమాసకు, అదే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, ఇంక ఐదు వారాలుంది. ఈ మీటింగ్ బతుకమ్మకు రెండు రోజుల ముందు పెడదామనుకున్నరంట, నేనే వద్దన్న, ఎందుకంటే అప్పుడు నేను చెప్పగలిగేది మంచిగ నీళ్ళు తాగండి, అలసిపోతే కూర్చోండి అని అంతే, అసలు చేసుకోవాల్సిన పనంతా ఈ ఐదు వారాల్లనే ఉంది.

దసరా అయిన తెల్లారి నుంచి దీపావళి దాకా మా దగ్గరికి మోకాళ్ళ నొప్పులతో వచ్చేటోళ్ళల్ల ఎక్కువ మంది ఆడోళ్ళే. మోకాలు వాచిందని, మెట్లు దిగుతుంటే చిప్ప కింద సూదులు గుచ్చినట్టు అయితుందని, కూర్చుంటే లేవలేకపోతున్నమని వస్తరు. వచ్చిన ప్రతి పదిమందిల ఏడెనిమిది మంది ఒకటే మాట అంటరు, బతుకమ్మ ఆడినందుకే ఇట్లయింది మేడమ్, వచ్చే ఏడు ఆడను అని. ఆ మాట వింటే నాకు నిజంగ బాధయితది. ఆడితే మోకాళ్ళు పోవు. పదకొండు నెలలు ఇంట్లకెళ్ళి కిచెన్లకి, కిచెన్లకెళ్ళి టీవీ ముందుకి తప్ప నడవకుండ ఉండి, ఒక్కసారిగ పెత్రమాస నాడు మొదలుపెట్టి రోజుకు రెండు మూడు గంటలు, అది కూడ ఒట్టి కాళ్ళతో సిమెంట్ రోడ్డు మీద, తొమ్మిది రోజులు ఆడితే పోతయ్. తేడా అక్కడుంది. మోకాలికి ఎంత పనైనా నేర్పించొచ్చు, కానీ మెల్లగ నేర్పించాలె, ఒక్క రాత్రిల నేర్పిస్త అంటే అది ఒప్పుకోదు. ఈ రోజు నేను చెప్పేది మొత్తం ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతది.

ముందు మోకాలు గురించి కొంచెం చెప్త, బోర్ అనుకోకండి, ఇది తెలిస్తే మిగతా అంతా మీకే అర్థమైతది. మోకాలి చిప్ప అంటమే, అది తొడ ఎముక ముందర ఒక గాడిల పైకి కిందికి జారుతుంటది. మనం సాఫుగ ఉన్న నేల మీద నడుస్తుంటే చిప్ప వెనకాల పడే ఒత్తిడి మన ఒంటి బరువుల సగం దాకా ఉంటది, అదే మెట్లెక్కుతుంటే దిగుతుంటే మూడు రెట్లకు పోతది, కింద గొంతుక్కూర్చొని లేస్తే ఏడెనిమిది రెట్ల దాకా పోతది. అరవై అయిదు కిలోల మనిషి గొంతుక్కూర్చొని లేచిందంటే ఆ చిన్న చిప్ప వెనక నాలుగైదు వందల కిలోల ఒత్తిడి పడ్డట్టు. మరి అంత ఒత్తిడి ఎట్ల తట్టుకుంటది అంటే రెండిటి వల్ల, ఒకటి లోపల ఉన్న మృదులాస్థి, మీరందరు గుజ్జు అంటరు చూడండి అది, రెండోది తొడ కండ. గుజ్జుకు రక్తనాళాలు ఉండవ్, నరాలు కూడ ఉండవ్, కీలు కదిలినప్పుడు లోపలి ద్రవం దాంట్లకు పోతూ వస్తూ ఉంటేనే దానికి తిండి. అంటే కదలకుండ పెడితే మోకాలు బాగుపడదు, ఇంకా ఎండిపోతది. తొడ కండ సంగతి ఏందంటే, అడుగు పడ్డప్పుడు వచ్చే దెబ్బల చానా భాగం అదే మింగేస్తది, అది బలంగ లేకపోతే ఆ దెబ్బంతా పోయి కీలు మీద పడతది.

ఇంకోటి. మోకాలు తలుపు బందు లాంటిది, ముందుకు వెనక్కు మడవడానికి చేసింది, కొంచెమే మెలి తిరుగుతది. పాదం నేలకు అతుక్కొని ఉండి పైనున్న ఒళ్ళు గిర్రున తిరిగిందనుకోండి, ఆ మెలి అంతా మోకాలే మోయాలె. లోపల నెలవంక ఆకారంల రెండు మెత్తలుంటయ్, మెనిస్కస్ అంటరు, అవి చిరిగేది ఎక్కువగ ఇట్లనే. నలభై దాటినోళ్ళకు పెద్ద దెబ్బ కూడ అవసరం లేదు, ఆటల ఎవరో పిలిచిన్రని పాదం కదపకుండ పక్కకు తిరిగితే చాలు. అందుకే తిరిగేటప్పుడు ముందు పాదం తిరగాలె, తర్వాత ఒళ్ళు తిరగాలె. చిన్న చిన్న అడుగులేసుకుంట తిరగండి. ఇది ఇప్పుడే ఇంట్ల అలవాటు చేసుకోండి, గ్యాస్ పొయ్యి దగ్గర్నుంచి సింకు వైపు తిరిగేటప్పుడు కూడ పాదాలు కదిపి తిరగండి, నడుం నుంచి మెలి తిప్పకండి.

సరే ఇప్పుడు పండగకు వస్త. అందరు ఆట గురించే అడుగుతరు గానీ నా లెక్కల మోకాళ్ళకు మొదటి దెబ్బ తగిలేది ఆట దగ్గర కాదు, బతుకమ్మ పేర్చే దగ్గర. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు చూడండి, పొద్దున పది గంటలకు తాంబాళం ముందల పెట్టుకొని కూర్చుంటం, చుట్టూ గునుగు, తంగేడు, బంతి, చామంతి, కట్ల, గుమ్మడి పూలు కుప్పలు, గునుగు కాడలు సమానంగ కోసి, కట్టలు కట్టి, రంగుల అద్ది, వరస వరస పేరుస్తం. రెండు గంటలు, పెద్దది అయితే నాలుగు గంటలు కూడ పడతది. అన్ని గంటలు బాసింపట్లు వేసుకొని, మధ్యల ఒక కాలు మడిచి ఒక మోకాలు పైకి పెట్టి, ముందుకు వంగి వంగి కూర్చుంటం. లేచేటప్పుడు చూడండి, ఒక చేయి నేల మీద, ఒక చేయి మోకాలు మీద, అమ్మా అని లేస్తం. అట్ల బిగుసుకుపోయిన మోకాలుతోటి స్నానం చేసి, చీర కట్టుకొని, అదే సాయంత్రం మూడు గంటలు ఆడతం. మరి నొప్పి రాక ఏమైతది?

అందుకని తాంబాళాన్ని టేబుల్ మీద పెట్టుకోండి. డైనింగ్ టేబులో, పిల్లల స్టడీ టేబులో ఏదో ఒకటి. పూజకు సంబంధించింది కదా కింద కూర్చునే చేయాలె అని పెద్దమ్మలు అంటరు, నాకు తెలుసు, అట్లయితే కనీసం జానెడు పీట వేసుకోండి, కాళ్ళు ముందుకు చాపుకునేటట్టు కూర్చోండి. అరగంటకోసారి లేచి ఇంట్ల ఒక రౌండ్ తిరగండి, పూలు ఎక్కడికీ పోవు. ఒక్కరే మొత్తం పేర్చకుండ కోడలు కొంచెం, బిడ్డ కొంచెం, పక్కింటి వదిన కొంచెం పంచుకుంటే పని కూడ తొందరగ అయితది. మా దగ్గర ఇంటర్ చదివే పిల్లలకు గునుగు పేర్చడమే వస్తలేదు, వాళ్ళకూ నేర్పినట్టు అయితది.

బతుకమ్మను లేపేటప్పుడు కూడ జాగ్రత్త. తడిసిన పూలతోటి పెద్ద సద్దుల బతుకమ్మ బాగ బరువుంటది. నేల మీంచి ఒక్కరే వంగి ఎత్తకండి, ఇద్దరు కలిసి ముందు స్టూల్ మీదికి, స్టూల్ మీంచి తల మీదికి. నిమజ్జనం దగ్గర మెట్లు తడిగ ఉంటయ్, నాచు ఉంటది, చీకటి ఉంటది, తల మీద బరువు పెట్టుకొని కింద అడుగు కనబడకుండ దిగడం మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకు అస్సలు వద్దు. ఆ పని వయసు పిల్లలకు ఇవ్వండి, మీరు పాట పాడుకుంట వెనకాల రాండి.

ఇంక ఆట. మన పాత ఆట చానా మంచిదండి, నేను ఇది ప్రేమతోటి అనడం లేదు, మోకాళ్ళ లెక్కల చూసి అంటున్న. ఒక అడుగు, కొంచెం వంగుడు, చప్పట్లు, మళ్ళ లేచుడు, ఇంకో అడుగు. ఉయ్యాలో అనుకుంట పాట నిదానంగ సాగుతది, అడుగు చిన్నగ పడతది, ఎగురుడు లేదు, గిర్రున తిరుగుడు లేదు. డెబ్భై ఏళ్ళ అవ్వ కూడ ఆడగలిగేటట్టు పెద్దోళ్ళు పెట్టిన్రు. చేయాల్సింది ఒక్కటే, వంగేటప్పుడు తుంటి దగ్గర్నుంచి వంగండి, మోకాళ్ళు కొంచెం వదులుగ ఉంచండి, కర్రలెక్క బిగించి పెట్టొద్దు, అట్లని ప్రతి చప్పట్లకు సగం దాకా కూర్చొని లేవనూ వద్దు. గుండ్రంగ ఒకటే దిక్కు తిరుగుతం కాబట్టి లోపలి కాలు మీద, బయటి కాలు మీద పని ఒక్క తీరుగ ఉండదు, అందుకని పాటకు పాటకు మధ్యల పక్కకొచ్చి రెండో దిక్కు నాలుగు అడుగులు నడవండి.

గొడవంతా ఎక్కడొస్తదంటే డీజే పెట్టినప్పుడు. పాట స్పీడ్ పెరుగుతది, ఎగురుడు మొదలైతది, కోలాటం కర్రలు పట్టుకొని తిరుగుడు మొదలైతది, మొదటి రెండు పాటలు పాత తీరుగ ఆడి తర్వాత గంటన్నర డీజేనే. నేను డీజే వద్దనను, పిల్లలకు ఇష్టం, వాళ్ళు రాకపోతే ఆట ఉండదు. కానీ ఎగిరి దిగినప్పుడు మోకాలు మీద పడే భారం ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఉంటది, అది కూడ ఒట్టి కాలుతో సీసీ రోడ్డు మీద. వయసు పిల్లలకు చిప్ప కింద ఉండే నరం లాంటి పట్టీ, టెండన్ అంటరు, అది వాస్తది. ఎగిరితే మెత్తగ దిగడం నేర్చుకోండి, ముందు వేళ్ళు, తర్వాత మడమ, మోకాళ్ళు మడిచి, రెండు మోకాళ్ళు లోపలికి ఒకదానికొకటి తగిలేటట్టు కాకుండ పాదం వేళ్ళ మీదికి వచ్చేటట్టు. ఆ లోపలికి పడుడే అసలు ప్రమాదం, మోకాలి లోపల ఎముకలను కట్టి పట్టే తాడు లాంటి ఏసీఎల్ అనే లిగమెంట్ అట్లనే తెగుతది, అది మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఎక్కువ తెగుతది కూడ. అద్దం ముందర నిలబడి ఒక్క కాలు మీద కొంచెం కిందికి వంగి చూసుకోండి, మోకాలు లోపలికి పోతుందంటే తుంటి పక్క కండ వీక్ ఉన్నట్టు. దాండియాకు హీల్స్ వేసుకొని పోతరు చూడండి, మడమ ఎత్తు పెరిగిన కొద్ది చిప్ప మీద ఒత్తిడి పెరుగుతది, ఫొటోలు దిగేదాకా హీల్స్ వేసుకోండి, ఆడేటప్పుడు తీసేసి మెత్తటి షూస్ వేసుకోండి, లెహంగా కింద ఎవరికీ కనబడదు.

చెప్పులు వేసుకొని బతుకమ్మ ఆడం, అది మన పద్ధతి, దాని జోలికి నేను పోను. అందుకే నేల గురించి ఆలోచించాలె. మట్టి నేల అన్నిటికంటే మంచిది. వేయిస్తంభాల గుడి దగ్గరో, పద్మాక్షి గుట్ట కిందనో ఆడే రోజు జనం ఎక్కువుంటరు, మన చేతిల ఉండదు, కానీ కాలనీల ఆడే రోజులు మన చేతిల ఉన్నట్టే కదా. సీసీ రోడ్డు గట్టిగ ఉండుడే కాదు, నీళ్ళు పోవాలని రెండు పక్కల మోరీ వైపు వాలు కూడ ఉంటది, ఆ వాలు మీద రెండు గంటలు గుండ్రంగ తిరిగితే ఒక కాలు ఎప్పుడు ఎత్తుల, ఒక కాలు ఎప్పుడు పల్లంల పడుతుంటది. పార్కుల మట్టి జాగా ఉంటే అక్కడ పెట్టుకోండి. లేకపోతే టెంట్ హౌస్ ఆయన దగ్గర మందం కార్పెట్ కిరాయికి దొరుకుతది, చుట్టూ పరిచి అంచులకు టేప్ వేయించండి, లేకపోతే కాలు తట్టుకుంటది. అపార్ట్‌మెంట్ సెల్లార్ల టైల్స్ మీద ఆడేటోళ్ళు ఇంకా జాగ్రత్త, ఆడుతుంటే బంతి రెక్కలు, తంగేడు రెక్కలు కింద రాలి కాళ్ళ కింద నలిగి జారుడు పడతది, దాని మీద ఎవరో ఒకరు నీళ్ళ బాటిల్ ఒలకబోస్తరు. గంటకోసారి చీపురు పట్టి ఊడ్చే పని ఒకరికి అప్పజెప్పండి. చీర కూడ చీలమండ పైకి కట్టుకోండి, కుచ్చిళ్ళు కాలు కింద పడితే ముందుకు పడేది మోకాలు మీదనే.

ఎంత సేపు ఆడాలె అని అడుగుతరు. ఇరవై ఇరవై అయిదు నిమిషాలు ఆడినంక ఐదు నిమిషాలు కుర్చీల కూర్చోండి, మెట్ల మీదనో అరుగు మీదనో కాదు, కుర్చీల. మొదలుపెట్టేటప్పుడు మొదటి రెండు పాటలు నిదానంగ, ఒళ్ళు వెచ్చబడేటట్టు. ఆట అయిపోంగనే టక్కున కూర్చోకుండ ఐదు నిమిషాలు మెల్లగ నడవండి, గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయండి.

ఇంకా ముఖ్యమైన ముచ్చట, ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చం, నైవేద్యం పెట్టం, ఆడం. కండకైనా టెండన్‌కైనా గట్టిగ పని చేసినంక కోలుకోవడానికి ఒకటి రెండు రోజులు పడతది, ఐదు రోజుల ఆట అయినంక పెద్దోళ్ళు ఒక రోజు ఖాళీ ఇచ్చిన్రు. మరి మనం ఆ రోజు ఏం చేస్తున్నం? దాండియా టికెట్లు ఆ రోజుకే కొంటున్నం, షాపింగ్ ఆ రోజే పెట్టుకుంటున్నం, నాలుగు అంతస్తుల షాపులల్ల మెట్లెక్కి దిగుతున్నం. ఆ రోజు మోకాళ్ళకు ఇచ్చేయండి. పూర్తిగ పడుకోమని కాదు, ఇంట్ల మామూలుగ తిరగండి, అంతే. మిగతా ఎనిమిది రోజులు కూడ ఒక్క తీరుగ ఆడనక్కర లేదు. మొదటి రోజు ఎంగిలిపూల నాడు, ఆఖర్ల సద్దుల నాడు ఎట్లయినా ఎక్కువ ఆడతం. మధ్యల అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ రోజుల్ల ఒక రోజు ఎక్కువ ఆడితే తెల్లారి సగమే ఆడి, కూర్చొని పాట అందుకోండి. పాట చెప్పేటోళ్ళు కూడ కావాలె కదా, ఇప్పుడు పాటలు మొత్తం నోటికి వచ్చినోళ్ళు ఎంతమంది ఉన్నరు.

నొప్పి వస్తే ఎట్ల తెలుసుకోవాలె, ఆడాలా ఆపాలా అని. పదికి ఎంత నొప్పి అని మీకు మీరే అడగండి. మూడు లోపల ఉండి, తెల్లారేసరికి మామూలు అయిపోతే భయం లేదు, ఆడొచ్చు. పొద్దున మంచం దిగినప్పుడు, మొదటి నాలుగు మెట్లు దిగినప్పుడు నిన్నటి పొద్దుటి కంటే ఎక్కువ నొప్పుందా, ఆ రోజు ఆట సగం చేయండి. మోకాలు ఉబ్బింది, ముట్టుకుంటే వేడిగ ఉంది, ఆ రోజు ఆట బంద్. ఐసు ముక్కలు గుడ్డల చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి, ఐసు డైరెక్టుగ తోలుకు తగలనీయొద్దు, కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోండి. వాపు లేకుండ ఒట్టి పట్టేసినట్టు ఉంటే వేడినీళ్ళ కాపడం పెట్టుకోవచ్చు. వాచిన మోకాలుకు నూనె పెట్టి గట్టిగ రుద్దించుకోకండి, బామ్ రాసుకుంటే రాసుకోండి, రుద్దుడు వద్దు.

టాబ్లెట్ల గురించి ఇక్కడ నేను కొంచెం గట్టిగనే మాట్లాడత. మెడికల్ షాపుకు పోయి పేరు కూడ అడగకుండ నొప్పి గోలీలు తెచ్చుకొని, ఆటకు పోయే ముందు ఒకటి, వచ్చినంక ఒకటి వేసుకుంటరు. ఆటకు ముందు వేసుకునేదే అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఆపమని మోకాలు చెప్పే మాట ఒక్క నొప్పే, ఆ నోరు మూసి మనం రెండు గంటలు ఎగురుతం. దాని మీద చెమట పోయి, నీళ్ళు తాగక ఒళ్ళు ఎండి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ లాంటి గోలీలు కిడ్నీలను దెబ్బ తీస్తయ్. బీపీ, షుగర్, కిడ్నీ, గ్యాస్ ట్రబుల్ ఉన్నోళ్ళు డాక్టర్‌ను అడగకుండ అస్సలు ముట్టుకోవద్దు. పూతగ రాసే డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి చానా వరకు పని చేస్తది, ఒంట్లకు పోయేది కూడ తక్కువ, కావాలంటే ముందు దాన్ని అడగండి.

నీళ్ళ ముచ్చట వచ్చింది కాబట్టి చెప్త. ఆడోళ్ళు నీళ్ళు ఎందుకు తాగరో నాకు తెలుసు, మీకూ తెలుసు. బాత్రూం ఉండదు. సాయంత్రం నాలుగు నుంచే నీళ్ళు బంద్ చేసి, రాత్రి పది దాకా అట్లనే ఆడతరు, చెమటలు పోతయ్, ఒళ్ళు ఎండుతది, కాళ్ళు ముందుగాల అలసిపోతయ్, అలసిన కాలు తప్పుగ పడతది. ఈ సంఘం వాళ్ళకు నా రిక్వెస్ట్, లైట్లకు డీజేకు పెట్టే పైసలల్ల కొంచెం తీసి ఆడే జాగా దగ్గర ఆడోళ్ళకు బాత్రూం, నీళ్ళ క్యాన్లు, ఒక ముప్ఫై కుర్చీలు పెట్టించండి. మోకాలి మీద నేను గంట చెప్పినదాని కంటే అది ఎక్కువ పని చేస్తది. ఉపవాసం ఉన్నోళ్ళు, షుగర్ గోలీలు వేసుకునేటోళ్ళు ఖాళీ కడుపుతోటి ఆడకండి.

వెంటనే హాస్పిటల్‌కు పోవాల్సినవి కొన్నున్నయ్. ఆడుతుంటే టప్‌మని సౌండ్ వచ్చి రెండు మూడు గంటల్లనే మోకాలు బాగ ఉబ్బితే. మోకాలు సగంల ఇరుక్కొని చాపలేకపోతే. కాలు ఆన్చి నాలుగు అడుగులు కూడ వేయలేకపోతే. జ్వరం వచ్చి మోకాలు ఎర్రగ కాలుతుంటే. ఒక్క కాలు పిక్క మాత్రమే వాచి, వేడిగ, నొప్పిగ ఉంటే అది రక్తనాళంల రక్తం గడ్డ కావచ్చు, దాన్ని రుద్దొద్దు, కట్టు కట్టొద్దు, పోవుడే. ఇంక ఛాతీల నొప్పి, ఆయాసం వస్తే మోకాలు సంగతి పక్కకు పెట్టి నూట ఎనిమిదికి ఫోన్ చేయండి.

ఆ అక్క ఏదో అడుగుతున్నరు, మైక్ ఇయ్యండి. ఎక్స్‌రేల గుజ్జు అరిగిందన్నరు, ఆడొచ్చా అని. అక్కా, నలభై అయిదు యాభై దాటినంక చానామందికి ఎక్స్‌రేల అరుగుదల కనబడతది, అందుల నొప్పి లేనోళ్ళు కూడ చానామంది ఉంటరు, అరుగుదల ఎక్కువున్నోళ్ళకు నొప్పి తక్కువ, తక్కువున్నోళ్ళకు ఎక్కువ ఇట్ల కూడ ఉంటది. అరుగుదలకు ప్రపంచంల ఏ గైడ్‌లైన్ చూసినా మొదటి వైద్యం వ్యాయామమే, బరువు ఎక్కువుంటే తగ్గుడు. 2005ల అమెరికాల బరువెక్కువుండి మోకాళ్ళరుగుదల ఉన్న పెద్దోళ్ళ మీద స్టడీ చేసిన్రు, ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుల మోకాలు మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేలింది. అంటే మూడు కిలోలు తగ్గితే అడుగు అడుగుకు పన్నెండు కిలోలు. మీరు ఆడొచ్చు, పాత తీరుగ నిదానంగ, ఎగరకుండ.

నీక్యాప్ వేసుకోవచ్చా అంటున్నరు. వేసుకోండి, ధైర్యంగ అనిపిస్తది, కొంచెం ఆసరా ఉంటది, కానీ టైట్‌గ వద్దు, రెండు వేళ్ళు పట్టాలె, పడుకునేటప్పుడు తీసేయాలె, అది వేసుకున్నం కదా అని ఎక్స్‌ట్రా గంట ఆడొద్దు. మోకాలు మార్పిడి ఆపరేషన్ అయిన అత్తమ్మ గురించి అడుగుతున్నరు, ఆపరేషన్ చేసిన డాక్టర్ ఓకే అంటే మెల్లగ నడుచుకుంట చప్పట్లు కొట్టొచ్చు, ఎగురుడు మెలి తిప్పుడు వద్దు, కింద కూర్చుని పూలు పేర్చుడు వద్దు. డల్లాస్‌ల ఉన్న బిడ్డ గురించి ఇంకో అమ్మ అడుగుతున్నది. అమ్మా, అక్కడ వాళ్ళకు తొమ్మిది రోజులు కుదరదు, శనివారం ఒక్కరోజే పెట్టుకుంటరు, ఒక్కరోజుల నాలుగైదు గంటలు ఆడేస్తరు, సోమవారం ఆఫీసు. వాళ్ళకు ప్రాక్టీస్ మనకంటే ఎక్కువ కావాలె. ఈ వీడియో పంపండి.

సరే, ఇప్పుడు ఐదు వారాల పని చెప్పి చేయించి పోత. వారానికి నాలుగు రోజులు, పావుగంట చాలు. కుర్చీల కూర్చొని చేతులు ఆన్చకుండ లేచుడు, పది సార్లు, కొంచెం ఆగి మళ్ళ పది. మొదట్ల రాకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. గోడ పట్టుకొని మడమలు ఎత్తి దించుడు, పదిహేను. పక్కకు పడుకొని పై కాలు నిటారుగ పైకి లేపుడు, ఒక్కో పక్క పది పన్నెండు, ఇది తుంటి కండకు, ఇందాక చెప్పిన మోకాలు లోపలికి పడేటోళ్ళు ఇది వదలొద్దు. కూరగాయలు తరిగే గట్టు పట్టుకొని ఒక్క కాలు మీద అర నిమిషం నిలబడుడు. మోకాలు మడిస్తేనే నొప్పి ఉన్నోళ్ళు పడుకొని, మోకాలు కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టి వదిలేయండి, తర్వాత కాలు చాపి జానెడు ఎత్తు లేపండి. వినాయక చవితి దాకా ఇవే, చవితి నుంచి వీటితో పాటు రోజూ సాయంత్రం పది నిమిషాలు ఇంటి ముందర పాట పెట్టుకొని బతుకమ్మ అడుగులు వేయండి, వారానికి ఐదు ఐదు నిమిషాలు పెంచండి, పెత్రమాస నాటికి అరగంట ఆపకుండ ఆడగలిగితే చాలు.

ఇప్పుడు అందరు కుర్చీ అంచుకు జరగండి. పాదాలు నేల మీద, తుంటి అంత వెడల్పు. చేతులు ఛాతీ మీద కట్టుకోండి. ముందుకు వంగి మెల్లగ లేవండి, మోకాళ్ళు లోపలికి పోనీయకండి... ఆ పచ్చ చీర అక్క, కొంచెం బయటికి, ఆ అంతే. మెల్లగ కూర్చోండి, దభీమని పడకండి, కూర్చునేటప్పుడే కండకు పని. మళ్ళ లేవండి. రెండు.